నిశిత పఠనం: కథను రెండోసారి చదవడం

ఒక కథ చదవడం ముగించిన వారిని దాని గురించి చెప్పమని అడిగితే సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తాయి: కథలో ఏం జరిగిందో క్లుప్తంగా తిరిగి చెప్పడం ఒకటి, బాగుందనో బాగాలేదనో తేల్చేయడం మరొకటి. ఈ రెండింటికీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. జరిగిన సంగతులను రచయిత ఏ వరుసలో పేర్చారు, ఏ పాత్ర వెంట నడుస్తూ చూపించారు, దేన్ని విస్తరించి దేన్ని ఒక్క వాక్యంలో దాటేశారు, ఏది చెప్పకుండా పాఠకుల ఊహకు వదిలేశారు, ఇవన్నీ కలిసి చదివేవారి మనసును ఎలా కదిలించాయి అన్న ప్రశ్నలు ఆ ఖాళీలోనే ఉంటాయి. వాటికి రచనలోని మాటల ఆధారంగా జవాబులు వెతికే పద్ధతిని సాహిత్య విమర్శలో నిశిత పఠనం అంటారు.

ఇది విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకే పరిమితమైన విద్య అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది గానీ, అందులో నిజం లేదు. పాండిత్యం, పారిభాషిక పదాల పరిచయం తరవాత వస్తే చాలు. ముందుగా కావలసినవి ఓపిక, ఒకసారి చదివిన కథను మళ్లీ మొదటినుంచి చదవడానికి సిద్ధపడే మనసు, చెప్పిన ప్రతి మాటకూ కథలో చోటు చూపించాలన్న నిజాయితీ. ఈ మూడూ అలవాటుతో అబ్బేవే. అలవాటు చేసుకోవడానికి చిన్నకథ కన్నా అనువైన ప్రక్రియ లేదు. నవలను మళ్లీ మళ్లీ చదవడానికి నెలలు పడుతుంది. చిన్నకథను ఒక సాయంత్రం చదివి, మర్నాడు మళ్లీ చదివి, మొత్తాన్ని మనసులో ఒక్కసారిగా నిలుపుకుని పరిశీలించవచ్చు. అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1842లో, నథానియల్ హాథార్న్ కథల మీద రాసిన సమీక్షలో ఈ సంగతినే సిద్ధాంతంగా ప్రతిపాదించారు: ఒకే విడతలో చదవగలిగిన నిడివి ఉండడం వల్లే కథ చదువరి మీద ఏకాగ్రమైన ముద్ర వేయగలుగుతుందని, ఆ ముద్రకు తోడ్పడని మాట ఏదీ అందులో ఉండకూడదని ఆయన వాదన. ప్రతి మాటా తోడ్పడవలసినదే అయినప్పుడు ప్రతి మాటనూ ఎందుకని ప్రశ్నించే హక్కు చదివేవారికి ఉంటుంది.

ఒకే విషయం, ఐదు రూపాలు

నిశిత పఠనంలో మొదట గ్రహించవలసింది విషయానికీ శిల్పానికీ మధ్య ఉన్న భేదం. రచన దేని గురించో అది విషయం. ఆ విషయానికి రచయిత ఇచ్చిన ఆకారం శిల్పం. ఈ భేదాన్ని స్పష్టంగా చూపించే ఉదాహరణ ఒకటి చెన్నై నగరానికి ఉత్తరాన, సముద్రతీరంలో ఉన్న తిరువొత్తియూరులో తెలుగువారికి దొరుకుతుంది. అక్కడి త్యాగరాజస్వామి ఆలయంలో కొలువైన త్రిపురసుందరీ దేవి మీద వాగ్గేయకారుడు త్యాగరాజు (1767–1847) ఐదు కీర్తనలు రచించారు. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యర్ ఆ ఊరివారే. శిష్యుడి ఇంటికి గురువు వచ్చిన సందర్భంలో ఈ కీర్తనలు పుట్టాయని సంగీత సంప్రదాయం చెబుతుంది. తమిళ క్షేత్రంలో వెలసిన దేవత మీద తెలుగులో వెలువడిన ఈ ఐదూ తిరువొత్తియూరు పంచరత్నాలుగా ప్రసిద్ధికెక్కి, బేగడ, కల్యాణి, ఆరభి, శుద్ధ సావేరి, సావేరి రాగాల్లో నేటికీ కచేరీల్లో వినిపిస్తున్నాయి.

ఐదింటిలోనూ దేవత ఒకరే, క్షేత్రం ఒకటే, వేడుకునే భక్తుడూ ఒకరే. విషయాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అయిదు కీర్తనలు అవసరమే లేదు, ఒక్కటి చాలు. కానీ రాగం మారినప్పుడు వేడుకోలు తీరు మారుతుంది. పల్లవిలో ఏ భావాన్ని నిలిపి చరణాల్లో దేన్ని విస్తరించారన్నదాన్ని బట్టి ఒకే భక్తి వేరువేరు అనుభవాలుగా అందుతుంది. సంగీతం తెలిసిన శ్రోత ఈ కీర్తన అమ్మవారి మీద అని చెప్పి ఊరుకోకుండా, ఏ సంగతి ఏ మాట మీద పడింది, అక్కడే ఎందుకు పడింది అని గమనిస్తూ వింటాడు. కథ చదివేవారు చేయవలసిన పనీ సరిగ్గా అదే. ఇది పేదరికం గురించిన కథ, ఇది స్త్రీ చదువు గురించిన కథ అని చెప్పడంతో విషయం తెలుస్తుంది. అదే విషయం మీద వచ్చిన వంద కథల్లో ఈ ఒక్కటే ఎందుకు గుర్తుండిపోయిందో తెలియాలంటే శిల్పంలోకి వెళ్లక తప్పదు.

పొగడచెట్టు కింది ప్రమాణం

రెండో పాఠం కథాసంవిధానానికి సంబంధించినది. జరిగిన సంగతులు కాలక్రమంలో ఒకదాని వెంట ఒకటి రావడం ఇతివృత్తమైతే, వాటిని కార్యకారణ సంబంధంతో ముడివేసి, ఎవరికి ఏది ఎప్పుడు తెలియాలో నిర్ణయించి అమర్చడం సంవిధానం. ఆంగ్ల నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో వెలువరించిన ఉపన్యాస గ్రంథంలో ఈ తేడాను ప్రస్ఫుటం చేశాక పలు భాషల విమర్శలో అది పాదుకుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి కూడా తిరువొత్తియూరు ఆలయ ఐతిహ్యమే చక్కగా ఉపకరిస్తుంది.

12వ శతాబ్దంలో సేక్కిళార్ రచించిన పెరియ పురాణంలోని కథ ఇది. శివభక్తుడైన సుందరమూర్తి నాయనారు తిరువొత్తియూరు ఆలయంలో పూలదండలు కట్టే సంగిలి నాచ్చియారును చూసి, ఆమెను తనకిచ్చి పెళ్లి చేయమని శివుణ్నే వేడుకుంటారు. ఆయనకు అప్పటికే తిరువారూరులో పరవై అనే భార్య ఉంది. సంగిలికి సహజంగానే సందేహం కలుగుతుంది. తనను విడిచి వెళ్లనని ఆయన ప్రమాణం చేసేటట్టు శివుడు ఏర్పాటు చేస్తాడు. తిరువారూరు మీద మనసు చంపుకోలేని సుందరమూర్తి, తాను గర్భగుడిలో ప్రమాణం చేసే సమయానికి స్వామిని బయటికి వెళ్లి పొగడచెట్టు కింద ఉండమని కోరతారు. స్వామి సరేనంటాడు, ఆ రాత్రే సంగిలి కలలో కనిపించి, ప్రమాణం పొగడచెట్టు కిందే చేయించుకోమని చెబుతాడు. మర్నాడు ఆమె చెలికత్తెలు, స్వామి సన్నిధిలో ఎందుకు, ఆ చెట్టు కింద ప్రమాణం చేస్తే చాలునంటారు. సుందరమూర్తి తప్పించుకోలేక ప్రమాణం చేస్తారు. వసంతకాలం వచ్చి తిరువారూరు ఉత్సవమూ పరవై జ్ఞాపకమూ మనసును లాగినప్పుడు ఊరి పొలిమేర దాటుతారు. దాటగానే రెండు కళ్ల చూపూ పోతుంది. ఈ ప్రమాణ ఘట్టాన్ని ఆలయంలో మాసి మాసపు బ్రహ్మోత్సవాల్లో మగిళడి సేవై పేరుతో ఇప్పటికీ జరుపుతున్నారు.

ఈ కథలోని సంగతులను వరుసగా చెప్పుకుంటే మాట తప్పినవాడికి శిక్ష పడిందన్న నీతి మిగులుతుంది. నిశితంగా చదివితే దీని బలమంతా తెలివిడి పంపకంలో ఉందని అర్థమవుతుంది. స్వామి చేసుకున్న రెండు ఒప్పందాలూ వినేవారికి తెలుసు. సుందరమూర్తికి ఒక్కటే తెలుసు. అందుకే చెట్టు కింద ప్రమాణం చేయమన్న ఒక్క మాట చెలికత్తెల నోట మామూలు విన్నపంగా, సంగిలికి రక్షణగా, సుందరమూర్తికి ఉచ్చుగా ఒకేసారి మూడు అర్థాలతో ధ్వనిస్తుంది. పాత్రకు తెలియని సంగతి చదివేవారికి తెలిసి ఉండడం వల్ల పుట్టే ఈ బిగువును నాటకీయ వ్యంగ్యం అంటారు. స్వామి సంగిలి కలలోకి వెళ్లిన సంగతి ముందే చెప్పకుండా చివర చెప్పి ఉంటే ఇదే కథ ఆశ్చర్యంతో ముగిసేది. ముందే చెప్పినందువల్ల ఉత్కంఠగా మారింది. ఏ కథనైనా చదివేటప్పుడు ఈ క్షణానికి ఎవరికి ఏం తెలుసు అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే సంవిధానం సగం విడిపోతుంది.

ఇదే కథ మరో ప్రశ్ననూ లేవనెత్తుతుంది. సుందరమూర్తి పొలిమేర దాటిన తరవాత కథనం ఆయన వెంటే కంచికీ తిరువారూరుకూ సాగిపోతుంది. తిరువొత్తియూరులో మిగిలిన సంగిలి వైపు నుంచి చూస్తే ఈ కథ ఎలా ఉంటుంది? ఎవరి వెంట నడుస్తూ కథ చెప్పబడుతోందో దాన్ని దృష్టికోణం అంటారు. దృష్టికోణాన్ని గుర్తించడమంటే ఎవరి కళ్లతో చూస్తున్నామో తెలుసుకోవడమే కాక, ఎవరి కళ్లతో చూడడం లేదో కూడా తెలుసుకోవడం.

చెన్నపట్నంలో తెలుగు కథ

ఐతిహ్యం నుంచి ఆధునిక కథకు వస్తే, తెలుగులో అది వికసించిన తొలి దశాబ్దాల్లో చెన్నపట్నానిది (మద్రాసు, నేటి చెన్నై) పెద్ద పాత్ర. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికను 1914లో మద్రాసుకు తరలించి దినపత్రికగా నడిపారు. 1924లో అదే నగరం నుంచి ఆయన ప్రారంభించిన భారతి మాసపత్రిక తెలుగు కథకూ విమర్శకూ దశాబ్దాల పాటు గౌరవప్రదమైన వేదికగా నిలిచింది. 1947లో మద్రాసులోనే పుట్టిన చందమామను కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా తీర్చిదిద్దారు. మధ్యతరగతి మనసును గోప్యం లేకుండా పరీక్షించిన ఆయన కథలు ఆ నగర జీవితం మధ్యనే రాసినవి. మల్లాది రామకృష్ణశాస్త్రి, పాలగుమ్మి పద్మరాజు వంటి కథకులు సినిమా రచనకై అక్కడికి చేరి కథను విడవలేదు. తెలుగు కథ చదవడం నేర్చుకునే పాఠకులకు ఈ చరిత్ర ఒక ధైర్యాన్నిస్తుంది: అధ్యయనానికి కావలసిన సామగ్రి ఎక్కడో లేదు, తెలుగువారు నూరేళ్లకు పైగా రాసుకున్న కథల్లోనే ఉంది.

దిద్దుబాటు: మంచం కింద ఉన్న శ్రోత

1902లో భండారు అచ్చమాంబ రాసిన ధనత్రయోదశిని తొలి తెలుగు కథగా పరిగణించాలన్న వాదం బలపడిన తరవాత కూడా, గురజాడ అప్పారావు 1910లో ఆంధ్రభారతి పత్రికలో ప్రచురించిన దిద్దుబాటు ఆధునిక కథాశిల్పానికి తొలి నమూనాగా తన స్థానాన్ని నిలుపుకుంది. దాని ఇతివృత్తం చాలా చిన్నది. సానుల ఆటపాటలకు అలవాటు పడిన గోపాలరావు ఒక అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు తట్టేసరికి జవాబు ఉండదు, లోపల చీకటి, భార్య కమలిని కనిపించదు. బల్ల మీద ఉత్తరం దొరుకుతుంది. ఆమె పుట్టింటికి వెళ్లిపోయిందని దానివల్ల తెలుస్తుంది. నౌకరు రాముణ్ని కేకలేసి, తరవాత అతని ముందే పశ్చాత్తాపపడి, ఎలాగైనా ఆమెను తీసుకురమ్మని పురమాయించే సమయానికి మంచం కింద నుంచి గాజుల చప్పుడూ నవ్వూ వినిపిస్తాయి.

మొదటిసారి చదివినప్పుడు చివర వచ్చే ఈ నవ్వు ఆశ్చర్యపరిచి, సంతోషపెడుతుంది. నిశిత పఠనం రెండోసారి చదవడంతో మొదలవుతుందన్న మాటకు ఈ కథ సాక్ష్యం. రెండోసారి చదివేవారికి కమలిని మంచం కింద ఉందని మొదటి వాక్యం నుంచే తెలుసు కాబట్టి గోపాలరావు పలికే ప్రతి పలుకూ కొత్త రూపం దాలుస్తుంది. ఒంటరిగా ఉన్నాననుకుని అతను పైకి అనుకున్న మాటలు, నౌకరు మీద చూపిన కోపం, ఆ వెంటనే చేసిన బుజ్జగింపు, ఇకముందు ఇలా చేయనన్న నిర్ణయం అన్నీ భార్య చెవిన పడుతున్నాయి. మొదటి పఠనంలో పశ్చాత్తాపపు స్వగతంలా కనిపించింది రెండో పఠనంలో అతనికి తెలియకుండా జరిగిన వాంగ్మూలంగా మారుతుంది. ఒక్క వాక్యమైనా మారలేదు. మారింది చదివేవారి తెలివిడి ఒక్కటే.

ఆరంభాన్నీ గమనించాలి. వంశం, ఊరు, గుణగణాల వర్ణనతో మొదలుపెట్టే పాత కథనరీతిని పక్కనపెట్టి రచయిత నేరుగా మూసిన తలుపు ముందు నిలబెడతారు. ఎవరు పిలుస్తున్నారో, ఎందుకు ఆలస్యమైందో తెలియకముందే చదువరి కూడా గోపాలరావుతో పాటు బయట నిలబడి ఉంటారు. అతనితో పాటు చీకటి గదిలోకి వెళ్లి, అతను వెతికినప్పుడు వెతికి, అతను ఉత్తరం చదివినప్పుడే చదువుతారు. దృష్టికోణాన్ని ఇంత గట్టిగా భర్తకు కట్టివేయడం వల్లే భార్యను అదే గదిలో దాచి ఉంచడం సాధ్యమైంది. తప్పు చేసిన మనిషి వెంట నడిపించి, అతని కంగారును చదివేవారు కూడా పంచుకునేటట్టు చేసి, చివరికి వారినీ అతనితో పాటే దిద్దడం ఈ సంవిధానంలోని గడుసుదనం.

కమలిని కథ నిండా మౌనంగా ఉంటుంది. ఆమె తరఫున ఆమె రాసిన ఉత్తరం మాట్లాడుతుంది. స్త్రీకి చదువెందుకన్న ప్రశ్న సమాజంలో వేడిగా నలుగుతున్న కాలంలో, భర్తను కదిలించిన ఏకైక సాధనం భార్య చేతిరాత కావడం యాదృచ్ఛికం అనలేం. ఆడవాళ్ల చదువు మీద రాముడికి ఉన్న అనుమానాన్ని గోపాలరావు ఖండించి నౌకరుకు ఉపన్యాసమిచ్చే ఘట్టాన్ని దీనితో జోడించి చదవాలి. భార్య ఔన్నత్యం గురించి అంత చక్కగా మాట్లాడగల మనిషి ఆ రాత్రి ఎక్కడ నుంచి వచ్చాడో చదివేవారికి తెలుసు. చెప్పే మాటకూ చేసే పనికీ మధ్య ఉన్న ఈ అంతరాన్ని రచయిత ఒక్క వ్యాఖ్య చేయకుండా, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ప్రతిపాదించిన ధ్వని, అంటే పైకి చెప్పిన అర్థం వెనక నుంచి స్ఫురించే అర్థం, ఆధునిక కథలో పనిచేసే తీరు ఇదే.

చివరిగా, కథ ఆగిన చోటును చూడాలి. నవ్వుతో కథ ముగుస్తుంది. మర్నాటి నుంచి గోపాలరావు నిజంగా మారాడా అన్నది కథ చెప్పదు. కాబట్టి అతను పూర్తిగా మారిపోయాడని గానీ, ఎప్పటికీ మారడని గానీ తేల్చి రాసే వ్యాఖ్యానం రెండూ కథను దాటిపోయినట్టే. ఆ రాత్రి అతను దిద్దుకున్నాడు, ఆ దిద్దుబాటును భార్య విన్నది. అంతవరకే కథ హామీ ఇస్తుంది.

గౌరవవాచకం నుంచి ముగింపు దాకా

తెలుగు కథను దగ్గరగా చదివేవారికి భాషే ఒక అదనపు సాధనాన్ని అందిస్తుంది. తెలుగులో కథకుడు ఒక పాత్రను వాడు, అతను, ఆయన అన్న పదాల్లో ఏదో ఒకదానితో సూచించక తప్పదు. ఏది ఎంచుకున్నా ఆ పాత్ర మీద కథకుడి వైఖరి బయటపడుతుంది. పాలగుమ్మి పద్మరాజు గాలివాన ఇందుకు మంచి ఉదాహరణ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి పొందిన ఈ కథలో ప్రధాన పాత్ర రావుగారు. పేరులోని ఆ గౌరవం ఆయన తన చుట్టూ కట్టుకున్న నియమాలకూ క్రమశిక్షణకూ సమాజం ఇచ్చిన గుర్తింపు. రైలు ప్రయాణంలో ఆయన చీదరించుకున్న బిచ్చగత్తెకు అలాంటి గుర్తింపేదీ లేదు. గాలివాన కమ్ముకున్న రాత్రి, రైల్వే స్టేషన్లో, ఆయన నియమాలన్నీ చెల్లకుండా పోయిన సమయంలో ధైర్యం చెప్పేది ఆమే; తెల్లవారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది. మర్యాద ఎవరికి దక్కింది, మానవత్వం ఎవరి దగ్గర దొరికింది అన్న ప్రశ్నను కథ పైకి అనకపోయినా గౌరవవాచకం ఉన్న పాత్ర, లేని పాత్ర పక్కపక్కన నిలబడి ఆ ప్రశ్న వేస్తూనే ఉంటాయి. తుపానును కూడా కేవలం నేపథ్యంగా చదివి వదిలేయకూడదు: అది బయట చెట్లను కూల్చినంత పనీ లోపల రావుగారి నమ్మకాల మీద చేసింది కాబట్టే కథకు ఆ పేరు దక్కింది.

ముగింపును ఎలా చదవాలో నేర్పే కథ కాళీపట్నం రామారావు యజ్ఞం. 1964లో యువ పత్రికలో వెలువడిన ఈ పెద్దకథలో సుందరపాలెం పంచాయతీ ఒక పాత అప్పు తగాదాను తీర్చడానికి కూర్చుంటుంది. అప్పల్రాముడు అప్పు ఒప్పుకున్నాక, ఆ అప్పుతో వచ్చే బానిసత్వం తన బిడ్డకు వద్దని అతని కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను తానే నరికేస్తాడు. ఆ ముగింపు సమంజసమా కాదా అన్న చర్చ తెలుగు విమర్శలో దశాబ్దాల పాటు సాగింది. నిశితంగా చదివేవారు ఆ చర్చలోకి దిగే ముందు వెనక్కి వెళ్లి, ఊరు బాగుపడిన తీరునూ ఆ బాగు ఎవరి ఇంటికి చేరలేదో దాన్నీ రచయిత ఎన్ని పేజీల్లో, ఎంత నిదానంగా పోగుచేశారో చూడాలి. పంచాయతీ పెద్దల మాటల్లో ధర్మం అన్న భావన ఎవరికి అనుకూలంగా వంగిందో గమనించాలి. అప్పుడు ముగింపు హఠాత్తుగా ఊడిపడ్డ ఘోరంగా కనిపించడం మానేసి, అంతవరకూ పెరుగుతూ వచ్చిన భారం తెగిపడిన చోటుగా కనిపిస్తుంది. దాన్ని ఆమోదించాలా వద్దా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసిందే గానీ, ఆ నిర్ణయం ఇప్పుడు కథలోని ఆధారాల మీద నిలబడుతుంది.

మల్లినాథుడి నియమం

ఆధారంతో చదవడమన్న ఈ పద్ధతిని పూర్తిగా పడమటి దేశాల నుంచి వచ్చినదనుకోవడం పొరపాటు. మెదక్ ప్రాంతపు కొలచాలకు చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యానాల ఆరంభంలో రెండు నియమాలు పెట్టుకున్నారు: మూలంలో ఆధారం లేనిది ఏదీ రాయకూడదు, అవసరం లేనిది ఏదీ చెప్పకూడదు. కథ గురించి మాట్లాడేవారికి ఇంతకన్నా మేలైన మార్గదర్శకం దొరకదు. మొదటి నియమం ఊహాగానాన్ని అరికడుతుంది, రెండోది పాండిత్య ప్రదర్శనను.

ఈ నియమాల అవసరం ఎంత ఉందో 20వ శతాబ్దంలో ఐ.ఎ. రిచర్డ్స్ చేసిన ప్రయోగం రుజువు చేసింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఆయన కవుల పేర్లు తీసేసి పద్యాలు ఇచ్చి, అభిప్రాయాలు రాయించుకుని, వాటిని విశ్లేషిస్తూ 1929లో ఒక గ్రంథం ప్రకటించారు. బాగా చదువుకున్నవారు కూడా కళ్లెదుట ఉన్న మాటలను వదిలేసి, ముందే మనసులో సిద్ధంగా ఉన్న భావాలను పద్యం మీద రుద్దుతున్నారని అందులో తేలింది. తెలుగు పాఠకులకూ ఈ ప్రమాదం ఉంది. కథలో తల్లి కనిపించగానే త్యాగమని, పల్లె కనిపించగానే అమాయకత్వమని, నగరం కనిపించగానే స్వార్థమని ముందే నిశ్చయించుకుంటే ఆ కథలోని తల్లి, ఆ కథలోని పల్లె కనిపించకుండా పోతాయి. అమెరికాలో క్లీంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ 1943లో కూర్చిన పాఠ్యగ్రంథం ఈ పద్ధతిని కథలకు విస్తరించి తరగతి గదుల్లోకి తెచ్చింది. తెలుగులో వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథాశిల్పం ఆ పని చేసింది. 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ గ్రంథం ఇతివృత్తం, పాత్ర, దృష్టికోణం, కంఠస్వరం వంటి భావనలను తెలుగు కథల ఉదాహరణలతోనే వివరించడం వల్ల సామాన్య పాఠకులకు కూడా అందుబాటులోకి వచ్చింది.

రచనలోని మాటలకే కట్టుబడాలన్న నియమాన్ని రచన చుట్టూ ఉన్న లోకాన్ని మరిచిపొమ్మన్న ఆదేశంగా తీసుకోకూడదు. నాటి వేశ్యా నృత్య నిషేధోద్యమం తెలియకుండా దిద్దుబాటు పూర్తిగా అర్థం కాదు. ఉత్తరాంధ్ర గ్రామాల్లో భూమి, అప్పు, కులం పెనవేసుకున్న తీరు తెలియకుండా యజ్ఞం అర్థం కాదు. స్త్రీవాద, దళిత విమర్శకులు తెలుగు కథను చదివిన పద్ధతి కూడా ఇదే పాఠం నేర్పింది: కథలో ఎవరికి పేరు ఉంది, ఎవరు కులంతోనో పనితోనో మాత్రమే గుర్తింపబడ్డారు, ఎవరు మాట్లాడారు, ఎవరి గురించి ఇతరులు మాట్లాడారు అన్న ప్రశ్నలు సమాజం నుంచి పుట్టినా వాటికి జవాబులు వాక్యాల్లోనే దొరుకుతాయి. చరిత్ర ప్రశ్నలను అందిస్తుంది, పాఠం సాక్ష్యాన్ని అందిస్తుంది. రెండూ కలిసినప్పుడే వ్యాఖ్యానం నిలుస్తుంది.

సాధన

మొదటి పఠనంలో కథను ఆపకుండా, గీతలు పెట్టకుండా, కేవలం కథ కోసం చదవాలి. ఆనందాన్ని ముందుగా అనుభవించనివారు విశ్లేషణలో ఏదీ కనిపెట్టలేరు. చదవగానే మనసులో మిగిలిన భావాన్ని, అది అసంతృప్తి అయినా సరే, ఒకటి రెండు వాక్యాల్లో రాసుకోవాలి. రెండో పఠనంలో పెన్సిలు పట్టుకుని, అర్థం కాని చోట, అనవసరమనిపించిన చోట, రెండుసార్లు వచ్చిన వస్తువు దగ్గర, కాలం ముందుకో వెనక్కో జరిగిన చోట గుర్తు పెట్టాలి. అనవసరమనిపించిన వివరం మీద ప్రత్యేకంగా నిలవాలి, ఎందుకంటే మంచి కథకులు చోటును వృథా చేయరు. ఆ వివరాన్ని మనసులో తొలగించి చూస్తే కథ ఏం కోల్పోతుందో అన్న పరీక్ష చాలాసార్లు కథ తాళం తీస్తుంది. ఆ తరవాత ఒకే ఒక్క ప్రశ్నను ఎంచుకుని, దానికి జవాబుగా ఒక పేరా రాయాలి. కథ గొప్పదని చెప్పే పేరా కన్నా, కథలోని ఫలానా వాక్యం ఫలానా పని చేస్తోందని చూపించే పేరా వేయి రెట్లు విలువైనది.

ఈ సాధన నలుగురు కలిసి చేస్తే మరింత ఫలిస్తుంది. ఒకరు గమనించనిది మరొకరు గమనిస్తారు. ఒకరి ఊహకు మరొకరు ఆధారమేదని అడుగుతారు. చెన్నై వంటి నగరంలో దీనికి మరో ప్రయోజనం కూడా ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం, ఇంగ్లీషు మాత్రమే చదివే పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. తమిళనాడు శాసనసభ 2006లో చేసిన తమిళ అభ్యాస చట్టం తరవాత తెలుగు లిపి నేర్పే బాధ్యత ఇళ్ల మీదా సంఘాల మీదా మరింతగా పడింది. లిపి ఇంకా పట్టుబడని పిల్లలకు ఒక కథను పైకి చదివి వినిపించి, ఈ సమయానికి ఎవరికి ఏం తెలుసు, మంచం కింద ఉన్నావిడ ఏం విన్నది అని అడగడం మొదలుపెడితే భాషా వస్తుంది, చదవడమూ వస్తుంది. తిరువొత్తియూరులాంటి చోట ఆ పిల్లలకు పొగడచెట్టు ప్రమాణం తమిళంలో ముందే తెలిసి ఉండవచ్చు. తెలిసిన కథ నుంచి తెలియని కథకు నడిపించడం ఉపాధ్యాయులకు సులువు. కథల సేకరణకు 1997లో శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయం ఉంది. 1990 నుంచి ఏటేటా మంచి కథలను ఏరి కూర్చుతున్న కథాసాహితి సంకలనాలు ఉన్నాయి. పుస్తకాల కొరత కన్నా నిదానంగా చదివే తీరిక కొరతే ఈనాటి అసలు సమస్య.

ఆ తీరికను చేసుకోవడం ఎందుకు ముఖ్యమో స్పష్టంగా చెప్పుకోవాలి. కథలోని ఒక పాత్రను ఆధారం లేకుండా తప్పుపట్టడానికి సందేహించే మనిషి, ఇరుగుపొరుగు గురించీ తోటి మనుషుల గురించీ తీర్పు చెప్పే ముందు కూడా ఆధారం అడుగుతాడు. ఎవరి గొంతు కథలో వినబడలేదో గమనించడం అలవాటైన పాఠకురాలు సభలో, ఇంట్లో, పంచాయతీలో కూడా మాట్లాడని మనిషి వైపు తిరిగి చూస్తుంది. నిశిత పఠనం సాహిత్య విద్యార్థి పరీక్షకు పనికొచ్చే నైపుణ్యంగా మొదలైనా, దాని ఫలితం మనుషులను తొందరపడకుండా అర్థం చేసుకునే శీలంగా స్థిరపడుతుంది. తెలుగు కథకులు నూరేళ్లకు పైగా ఎంతో శ్రద్ధతో మాటలను ఎంచి రాశారు. అంతే శ్రద్ధతో చదివే పాఠకులు ఉన్నప్పుడే ఆ శ్రమ సార్థకమవుతుంది.